కిస్మత్ కాదు, హిసాబు

బేస్‌బాల్ అనగానే మన విద్యార్థులలో చాలమందికి క్రికెట్‌కు దూరపు బంధువైన ఒక అమెరికా ఆట అన్నంతవరకే తెలుసు. ఆ ఆటను గురించి గాక, ఆ ఆట మీద కట్టే పందెములను గురించి, అందులోను ఒకే ఒక పద్ధతి పందెమును గురించి వ్రాయదలచినాము. షికాగో నగరంలో చదువుకొన్న రెండేండ్లలో దానిని దగ్గరనుండి చూచినాము. జూదమును గురించి మన పెద్దలు చెప్పినది చాల ఉన్నది. అయితే తెలివిగలవాడు, లెక్క తెలిసినవాడు ఏ దారిన అందులోనికి దిగునో ఎవరును విడమరచి చెప్పగా మేము వినలేదు.

ముందుగా ఆట సంగతి. క్రికెట్‌లో బౌలరు ఆరు బంతులు వేసి బంతిని మరొకనికి ఇచ్చును. బేస్‌బాల్‌లో అట్లు కాదు. పిచర్ అనబడే ఒక్కడే ఎదుటి జట్టు బ్యాటర్లందరికి వరుసగా బంతులు విసరుచుండును. అతనిని ఒకసారి మైదానము నుండి తప్పించినచో ఆ రోజు తిరిగి పిచర్‌గా రాడు. ఆటను ఆరంభించే పిచర్‌కు చేతినొప్పి తగ్గుటకు నాలుగైదు రోజుల విశ్రాంతి కావలెను. అందుచేత ప్రతి జట్టు ఐదుగురిని వంతులవారీగా దింపును. ఏ రోజున ఎవరి వంతో ముందే ప్రకటించెదరు. ఏడాదికి ఒక్కొక్క జట్టుకు 162 ఆటలు. జట్టు అదే, మైదానము అదే, మారునది ఆరంభ పిచర్ మాత్రమే. కనుక ఆటకు ముందు రెండు పేర్లను ప్రక్క ప్రక్కన పెట్టి తూచుట ఆ దేశంలో ఎంతో పాత అలవాటు. పేరు చెప్పిన పిచర్లు దిగకపోయినచో పందెము రద్దు అను షరతుతో కట్టే ఆచారము కూడ ఉన్నది. పిచర్‌కు వారిచ్చే విలువ ఎంతటిదో దీనినిబట్టి తెలియును.

మా గదిలో మేము ముగ్గురము, అతడు నాల్గవవాడు. తెలంగాణలోని ఒక చిన్న పట్టణము వాడు. తండ్రికి బట్టల దుకాణమున్నది. గణాంకశాస్త్రము చదువుటకు వచ్చినాడు. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు. రెండింటిని కలిపి హాయిగా మాట్లాడే మనిషి. నమాజు తప్పనివాడు. పేకముక్క ముట్టి ఎరుగడు. 2023 వసంతములో ఆటల ఋతువు మొదలైన తరువాత అతడు ప్రతి ఉదయము ఒక నోటుపుస్తకములో ఆ రోజు పిచర్ల పేర్లు వ్రాసుకొనుట చూచినాము. ఒక్కొక్కడు తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున ఎన్ని పరుగులిచ్చును, ఎందరిని అవుట్ చేయును, ఎడమచేతి బ్యాటర్లు అతనిని ఎట్లు ఎదుర్కొందురు — అన్నియు వరుసగా గళ్లలో ఉండెడివి. దస్తూరి ముత్యాల వలె ఉండెడిది.

"ఇది జూవా గదా భాయి?" అని మాలో ఒకరము అడిగినాము.

"కిస్మత్ మీద కట్టితే జూవా. ఇది కిస్మత్ కాదు భాయి, హిసాబు," అన్నాడు.

ఆ మాటను తేలికగా త్రోసివేయలేము. అతని హిసాబు తప్పు కాదు. మంచి పిచర్ దిగిన జట్టు తరచుగా గెలుచును. 1972లో ఫిలడెల్ఫియా జట్టు ఏడాది మొత్తముమీద గెలిచినవి 59 ఆటలు మాత్రమే. అందులో 27 విజయములు ఒక్క స్టీవ్ కార్ల్‌టన్ ఖాతాలోనివి. మునిగే ఓడను ఒక్కడే తెడ్డు వేసి నడపినట్లు! ఇటువంటి అంకెలు చూచినవానికి ఆట అంతా ఆ ఒక్క చేతిలో ఉన్నదని తోచుట సహజము.

అయితే అదే లెక్కలలో వేరొక పుట కూడ ఉన్నది. 2018లో న్యూయార్క్ మెట్స్ జట్టులో జేకబ్ డిగ్రామ్ సగటున తొమ్మిది ఇన్నింగ్సులకు 1.70 పరుగులు మాత్రమే ఇచ్చినాడు. ఆ ఏడు అతని లీగులో ఉత్తమ పిచర్ బహుమతి అతనిదే. అతడు ఆరంభించిన 32 ఆటలలో జట్టు గెలిచినవి 14, ఓడినవి 18. అతడు పరుగులు ఆపగలడే గాని తనవారిచేత పరుగులు చేయించలేడు. అదిగాక ఈనాటి ఆరంభ పిచర్ తొమ్మిది ఇన్నింగ్సులలో సగటున ఐదు దాటి కొంచెము మాత్రమే నిలుచును. తక్కినది ఎవరెవరో వచ్చి విసరెదరు. వారి పేర్లు ఉదయము నోటుపుస్తకములోనికి ఎక్కవు.

1959 మే 26వ తేదీ ఆట మాకు మరీ ఇష్టము. పిట్స్‌బర్గ్ పిచర్ హార్వీ హాడిక్స్ మిల్వాకీ నగరంలో వరుసగా 36 మంది బ్యాటర్లను అవుట్ చేసినాడు. పన్నెండు ఇన్నింగ్సులు ఒక్కడును మొదటి బేస్ చేరలేదు. ఎదుటివైపు లూ బర్డెట్ 12 హిట్లు ఇచ్చినాడు గాని ఒక్క పరుగు ఇవ్వలేదు. పదమూడవ ఇన్నింగ్సులో హాడిక్స్ జట్టు ఫీల్డరు ఒకడు విసిరిన బంతి గురి తప్పినది. తరువాత ఒక పెద్ద దెబ్బ తగిలినది. 1-0తో ఆట పోయినది. ఆ రోజు హాడిక్స్ మీద పందెము కట్టినవాని ఊహలో దోషమేమున్నది? తాను చూడగలిగినదంతా సరిగానే చూచినాడు.

ఇంతకంటె ముఖ్యమైనది ధర. మా మిత్రుని ఫోనులో మంచి పిచర్ ఉన్న జట్టు ప్రక్కన మైనస్ 150 అనియు, రెండవదాని ప్రక్కన ప్లస్ 130 అనియు కనిపించెడిది. మొదటిదానికి అర్థము, 100 డాలర్లు గెలుచుటకు 150 ఒడ్డవలెను. రెండవదానికి అర్థము, 100 ఒడ్డితే 130 వచ్చును. మొదటివాడు నష్టపడకుండుటకు నూటికి అరువది సార్లు గెలువవలెను. రెండవవాడు నలుబది మూడున్నర సార్లు. రెండును కలిపిన నూట మూడున్నర అగును. నూరు మించిన ఆ మూడున్నర దుకాణదారునిది. అతనికి బేస్‌బాల్ మీద ఇష్టము ఉండనవసరము లేదు.

మంచి పిచర్ దిగుచున్నాడని మా మిత్రునికి తెలిసిన క్షణమునకు ముందే దుకాణదారునికి తెలియును. ఆ మంచితనమునకు వెల కట్టి మైనస్ 150 అన్నాడు. ఆ పిచర్‌కు ఉదయము భుజము పట్టివేసినదని వార్త రాగానే వెల మారిపోవును. మిత్రుడు పిచర్‌ను తూచుచున్నానని అనుకొన్నాడు. తూచవలసినది వెలను.

మహాభారతములో నలునికి ఋతుపర్ణుడు అక్షహృదయము నేర్పుట మన తెలుగు పాఠములలో వచ్చును. చెట్టున ఉన్న ఆకులను, కాయలను చూపుతోనే లెక్కించిన రాజు అతడు. ఆ విద్యతో నలుడు పుష్కరుని గెలిచి రాజ్యము తిరిగి పొందినాడు. ఈ కథను తలచుకొని మేము ఒకమారు నవ్వుకొన్నాము: షికాగోలో పుష్కరుడు నలుని కంటె ముందే అక్షహృదయము నేర్చి కూర్చున్నాడు!

ఆ నగరమునకే మరొక పాత కథ ఉన్నది. 1919 ప్రపంచ సిరీస్‌లో షికాగో వైట్ సాక్స్ గెలుచునని లోకమంతా నమ్మినది. మొదటి ఆటకు వారి పిచర్ ఎడ్డీ సికాట్. ఆ ఏడు 29 విజయములు. సిన్సినాటి పిచర్ డచ్ రూథర్‌కు 19. రెండు పేర్లు ప్రక్కన పెట్టి చూచినవాడు ఎవని మీద కట్టును? సికాట్ అప్పటికే జూదరుల వద్ద పదివేల డాలర్లు తీసుకొని ఉన్నాడు. మొదటి బ్యాటరు వీపునకు బంతి కొట్టి బేరము కుదిరినదని సంజ్ఞ చేసినాడు. షికాగో 9-1తో ఓడినది. న్యాయస్థానము 1921లో ఆటగాండ్రను నిర్దోషులని విడిచినను, కమిషనర్ లాండిస్ మరునాడే ఎనిమిదిమందిని జీవితాంతము బహిష్కరించినాడు. ఆ సిరీస్‌లో డిక్కీ కెర్ అను చిన్న పిచర్ నిజాయితీగా ఆడి రెండు ఆటలు గెలిచినాడు. అతని పేరు తక్కువమందికి గుర్తు. ఇది వందేండ్ల నాటి ముచ్చట అని ఊరకుందమన్నను వీలు లేదు. 2025 నవంబరులో క్లీవ్‌లాండ్ జట్టు పిచర్లు ఇద్దరి మీద, ఏ బంతి ఎట్లు వేయుదురో జూదరులకు ముందే తెలిపినారని అభియోగములు వచ్చినవి. తాము నిర్దోషులమని వారు చెప్పినారు.

2018లో అమెరికా సుప్రీం కోర్టు పాత నిషేధ చట్టమును కొట్టివేసినది. 2020 నుండి షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రములో ఆటల పందెములు చట్టసమ్మతముగా జరుగుచున్నవి. మునుపు పందెపు దుకాణమునకు తల వంచుకొని పోవలసి ఉండెడిది. ఇప్పుడు దుకాణమే జేబులోనికి వచ్చినది.

ఆగస్టులో ఒక రాత్రి మిత్రుని నోటుపుస్తకము తెరచి అతనితో కలిసి కూడినాము. పందెములు 140, అన్నియు మైనస్ 150 వద్దనే. గెలిచినవి 79, ఓడినవి 61. మొదట అతని ముఖము వెలిగినది. తరువాత డబ్బు కూడినాము: వచ్చినది 7,900, పోయినది 9,150. ఎక్కువ ఆటలు గెలిచి 1,250 డాలర్లు నష్టపోయినాడు. చాలసేపు ఎవరమును మాట్లాడలేదు.

అక్కడ ఆగి ఉండిన ఈ వ్యాసము వ్రాయవలసిన పని ఉండెడిది కాదు. ఆ 1,250 తిరిగి రాబట్టుటకు సెప్టెంబరులో ఒడ్డు రెండింతలు, ఆపైన నాలుగింతలు చేసినాడు. ఆ నెల పుస్తకములో గళ్లు లేవు, సగటులు లేవు, పిచర్ల పేర్లు కూడ సగము వ్రాసి విడిచినవే. దస్తూరి గుర్తు పట్టలేకపోయినాము. ఫీజు రెండవ వాయిదాకు ఉంచిన ఆరు వేల డాలర్లు పోయినవి.

ఒక శుక్రవారము తండ్రి ఫోను చేసినారు. "ఫీజు కట్టినావా బేటా?" అని అడిగినారు. మేము ముగ్గురము గదిలోనే ఉన్నాము. అతడు లేదని చెప్పి, ఏమైనదో దాచకుండ అంతయు చెప్పినాడు. అవతల చాలసేపు మాట లేదు. తరువాత వారు, "భోజనము చేసినావా?" అని మాత్రము అడిగినారు.

హైదరాబాదులోని మామూ అప్పు ఇచ్చినారు. అతడు విశ్వవిద్యాలయపు భోజనశాలలో పళ్లెములు కడిగి, 2024 డిసెంబరులో పట్టా పుచ్చుకొన్నాడు. ఆటలు ఇప్పటికిని చూచుచున్నాడట. ఆ నోటుపుస్తకమును పారవేయలేదు. వెనుకవైపు నుండి తిప్పి మామూకు పంపిన వాయిదాలు వ్రాయుచున్నాడు. క్రిందటి మారు మాట్లాడినపుడు ఇంక పదకొండు మిగిలినవని చెప్పినాడు.