జలపాతానికి బయలుదేరుతున్నారా? ముందు టిఫిను తినండి

వానలు తగ్గుముఖం పట్టాయంటే చాలు, విశాఖపట్నంలో ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట: “ఈ ఆదివారం కటికి జలపాతానికి వెళ్దామా?” తెల్లవారే అరకు రైలెక్కడం, బొర్రా గుహల స్టేషనులో దిగడం, కొంత దూరం జీపులో, మిగతా దూరం కాలినడకన వెళ్లి స్నానం చేసి సాయంత్రానికి ఇల్లు చేరడం. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి! మేమూ అలాగే అనుకున్నాం.

ఆ రోజు మా అక్కయ్య నాలుగింటికే లేచి పులిహోర కలిపి కారియరు సర్దింది. బావగారికి పదేళ్లుగా మధుమేహం. అలవాటు ప్రకారం ఆరింటికల్లా మాత్ర వేసుకున్నారు. “రైలు తప్పిపోతుంది, టిఫిను తర్వాత చూద్దాం” అన్నారు. బొర్రాలో దిగాక “జలపాతం దగ్గర స్నానం చేసి హాయిగా తిందాం” అన్నారు. పులిహోర నా సంచీలోనే ఉంది!

కాలిబాట సగం నడిచేసరికి ఆయన వెనకబడ్డారు. చల్లగాలి వీస్తున్నా చొక్కా చెమటతో తడిసిపోయింది. “బావగారూ, కాస్త కూర్చోండి” అన్నాను. “నాకేం కాలేదు, నా జోలికి రాకండి!” అని కసిరారు. ఏనాడూ గొంతు పెంచి ఎరగని మనిషి! అక్కయ్య చిన్నబుచ్చుకుంది. మాతో ఉన్నవాళ్లలో ఒకరు “కొండమీది గాలి పడలేదు” అన్నారు. ఇంతలో ఆయన మాట ముద్దగా వచ్చింది, చేతులు వణికాయి. దారి పక్కన టీ అమ్ముతున్న గిరిజన స్త్రీ చూసి, ఎవరూ అడక్కుండానే గ్లాసెడు నీళ్లలో పంచదార కలిపి తెచ్చింది. తాగిన పావుగంటకు బావగారు మమ్మల్ని చూసి “ఇక్కడెందుకు కూర్చున్నాం?” అని అడిగారు.

తప్పు కొండగాలిది కాదు. బొర్రా సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ రైలు దారిలో ఎత్తయిన శిమిలిగుడ స్టేషనే 996 మీటర్లు. గాలి పలచబడి తలనొప్పి, వాంతులు పుట్టించే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటితే గాని రాదు. మా బావగారిని పడగొట్టింది ఖాళీ కడుపు. మాత్ర రక్తంలోని చక్కెరను తగ్గిస్తోంది, నడక మరింత ఖర్చు చేస్తోంది, లోపలికి వెళ్లింది మాత్రం ఏమీ లేదు.

ఇన్సులిన్ వాడేవారికీ, కొన్ని రకాల మాత్రలు వాడేవారికీ ఈ ప్రమాదం ఉంది. చెమట, వణుకు, గుండెదడ, అకారణమైన కోపం, తికమక మాటలు దీని గుర్తులు. కనబడగానే మూడు చెంచాల పంచదార గాని గ్లూకోజు గాని నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో బిస్కెట్లో పెట్టండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ప్రయాణం రోజున మందు మోతాదు ఎంతో ముందుగానే మీ డాక్టరు గారిని అడగండి. సొంతంగా మానేయవద్దు. బాగా నడిచిన రోజు రాత్రి కూడా చక్కెర పడిపోవచ్చు.

ఇక అందరికీ నాలుగు మాటలు. మూడు వారాల ముందు నుంచే రోజూ నడవండి. వీలైతే సింహాచలం మెట్లు ఎక్కి దిగండి. ఎక్కేటప్పుడు ఆయాసం ఎలా ఉందో, దిగేటప్పుడు మోకాళ్లు ఏమంటున్నాయో అక్కడే తెలిసిపోతుంది. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుంటే ముందు వెళ్లవలసింది డాక్టరు దగ్గరికి, జలపాతానికి కాదు. నున్నటి చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. నాచు పట్టిన బండలెక్కకండి. పైన వాన పడి నీరు ఎర్రబడినా, మట్టం పెరిగినా వెంటనే ఒడ్డుకు వచ్చేయండి.

కటికిలో దూకేది గోస్తనీ నది. ఆ నీరే తాటిపూడి జలాశయం మీదుగా విశాఖకు తాగునీరుగా వస్తుంది. అయితే మన కుళాయికి వచ్చేది శుద్ధి చేసిన నీరు, అక్కడిది కాదు. తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకువెళ్లండి.

చివరిగా ఒక ముఖ్య విషయం. ఇది ఏజెన్సీ ప్రాంతం, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. మలేరియా దోమలున్న చోటు. పొడుగు చేతుల బట్టలు వేసుకోండి. తిరిగొచ్చిన నెల రోజుల్లోపు జ్వరం వస్తే “వైరల్ జ్వరంలే” అని ఊరుకోకుండా ఆ రోజే రక్త పరీక్ష చేయించండి. “ఏజెన్సీకి వెళ్లొచ్చాను” అని డాక్టరుకు చెప్పండి. ఒంటిమీద ఎక్కడైనా నల్లగా చెక్కు కట్టిన పుండు ఉంటే అదీ చూపించండి. గడ్డిలో ఉండే నల్లి లాంటి సూక్ష్మమైన పురుగు కుట్టినా జ్వరం వస్తుంది.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాం. రైలు కొత్తవలస దాటకముందే అక్కయ్య కారియరు మూత తీసింది. బావగారు మాట్లాడకుండా చెయ్యి కడుక్కున్నారు.