లింగంపల్లి స్టేషనులో కూనిరాగం

సికింద్రాబాదునుంచి వాడి పోయే రైలుదారిలో, హైదరాబాదుకు పడమటి అంచున వుంది లింగంపల్లి. 2003లో యం.యం.టి.యస్. లోకల్ బండ్లు మొదలైనప్పటినుంచి ఇక్కడ సందడి మరీ పెరిగింది. గచ్చిబౌలి, మాదాపూర్ కంప్యూటరు ఆఫీసులకు పోయేవారూ, సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులూ, గోదావరి జిల్లాలనుంచి రాత్రి బండిలో వచ్చినవారూ అందరూ దిగేది ఇక్కడే.

ఇక్కడ చెవికి తీరిక లేదు. ఆటోవాడు ఎక్కమంటాడు, హారను తప్పుకోమంటుంది, మైకు పరుగెత్తమంటుంది, జేబులో ఫోను పలకమంటుంది. వినబడే ప్రతి శబ్దమూ మనల్ని ఏదో ఒకటి అడిగేదే!

ఏమీ అడగని గొంతు ఒకటి మనందరికీ తెలుసు. వంటింట్లో బియ్యం కడుగుతూ అమ్మ తీసే కూనిరాగం. అందులో మాట వుండదు. ఎవరినీ వినమనదు. అయినా అది ఆగిపోతే, అమ్మకు ఒంట్లో బాగా లేదేమోనని ఇల్లంతా తొంగిచూస్తుంది. ఇల్లు వదలి వచ్చి ఇక్కడి హాస్టలు గదుల్లో వుండే పిల్లలకు కరువైనది అదే.

ఇటువంటి మాటలేని గొంతులను పొరలు పొరలుగా పేర్చి సంగీతం చేసినవారున్నారు. బ్రయన్ ఈనో అనే ఆంగ్లేయుడు జర్మనీలోని కొలోన్ విమానాశ్రయంలో కాచుకుని కూర్చున్నప్పుడు, ఇలాంటి చోటికి తగిన సంగీతం ఎలా వుండాలా అని ఆలోచించాడట. తరవాత ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ అనే రికార్డు తెచ్చాడు. అందులో ఒక భాగమంతా గొంతులే. ఒక్కొక్క గొంతు ‘ఆ’ అంటూ ఒకే స్వరం పట్టి నిలుస్తుంది. ఆ స్వరాలను వేర్వేరు పొడవులున్న టేపు ముక్కలమీద ఎక్కించి, కొసలు అతికి చక్రంలా తిప్పాడు. ఒక స్వరం 23½ సెకన్లకు తిరిగి వస్తే, మరొకటి దాదాపు 26కు, ఇంకొకటి దాదాపు 30కి వస్తుంది. వేర్వేరు వేళలకు నడిచే బండ్లు ఒకనాడు స్టేషనులో కలుసుకుని, ఒకనాడు తప్పిపోయినట్టు, ఆ గొంతులూ ఒకసారి జత కడతాయి, మరొకసారి దూరదూరంగా వినబడతాయి. ఒకసారి కుదిరిన పొందిక మళ్ళీ ఓ పట్టాన కుదరదు.

అమెరికాలో జూలియానా బార్విక్ గారిది మరో పద్ధతి. చిన్నతనంలో చర్చిలో పాడిన ఆవిడ, తన గొంతునే యంత్రంలో పట్టి తిప్పుతూ, దానిమీద మళ్ళీ మళ్ళీ పాడుతుంది. ఒక్క మనిషే పెద్ద బృందమైపోతుంది. 2011లో వచ్చిన ‘ది మ్యాజిక్ ప్లేస్’ అలా అల్లినదే.

మాటలేని పాటేమిటంటారా? మన రాగాలాపనలో మాత్రం మాట వుందా! అయితే ఆలాపనకు శ్రద్ధగా కూర్చోవాలి, తల వూపాలి. దీనికి అదీ అక్కరలేదు. తంబురా శ్రుతిలా వెనక నిలిచివుంటుంది. వింటే వినవచ్చు, లేకుంటే మీ ఆలోచనలో మీరుండవచ్చు.

ఓ సాయంకాలం లింగంపల్లి ప్లాట్‌ఫారం బెంచీమీద కూర్చుని, ఫోనులో ఈ సంగీతం పెట్టుకుని చూడండి. బండ్ల మోత తగ్గదు, జనం పల్చబడరు. కాని అంత గోలలోనూ, మననుంచి ఏమీ కోరని మనిషి గొంతు తోడు కూర్చుంటుంది. బండి వేళకు మాత్రం చెవిలోది తీసి జేబులో వేసుకోండి. పాపం, మైకు చెప్పేదీ కాస్త వినాలి కదా!