మా పెద్దమ్మ ఇంటి ముందు దీపం

పల్లెటూరి వాళ్ళకి పట్నం అంటే మహా మోజు అని నా నవలల్లో చాలాసార్లే రాశాను. ఈమధ్య మా పెద్దమ్మ దగ్గర నాలుగు రోజులుండి వచ్చాక ఆ వాక్యాలన్నీ కొట్టి పారెయ్యాలనిపిస్తోంది.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర మా ఊరు. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. సందె చీకట్లో గుడి నుంచి వస్తూ, వీధి మలుపులో కాలవ కనబడక పడిపోయి మణికట్టు విరగ్గొట్టుకుంది. అక్కడి స్తంభం మీద దీపం ఆరిపోయి అప్పటికి రెండు నెలలట!

"ఒక్క బల్బు మార్పించలేకపోయావా అమ్మా?" అని సర్పంచిని నిలదీశాను. నిండా ముప్పై ఏళ్ళు లేని పిల్ల. కళ్ళల్లో నీళ్ళు తిప్పుకుంది.

"ఎలా మార్చనండీ? దీపాల కాంట్రాక్టు పైవాళ్ళే ఎవరికో ఇచ్చారు. మేం స్తంభం నెంబరు చెప్పి ఫోన్లో ఫిర్యాదు చెయ్యాలి, అంతే. నా డబ్బుతో వేయిస్తానన్నా ముట్టుకోవద్దన్నారు."

వీధి దీపాలు పంచాయతీ బాధ్యతేనని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. అంతకు ముందే, 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగ్గవంటూ 29 అంశాలు లెక్కపెట్టి మరీ చెప్పింది. ఇంతా చేసి ఆ పిల్లకి బల్బు ముట్టుకునే హక్కు లేదు!

పెద్దమ్మ పడక్కుర్చీలోంచి అందుకుంది. "దాన్నంటావేమే? ఈ ఊరి మాట ఈ ఊళ్ళో ఎప్పుడు చెల్లిందని!"

నిజమే. 1953 దాకా మద్రాసు. ఇక్కణ్ణుంచి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. తర్వాత మూడేళ్ళు కర్నూలు, 1956 నుంచి హైదరాబాదు, రాష్ట్రం విడిపోయాక అమరావతి. ఏదీ మాకు దగ్గర కాదు.

మా తాతయ్య కరణం. 1984లో కరణీకాలు రద్దయ్యే దాకా ఆయన అరుగే ఊరికి కచేరీ. ఆయనా తక్కువ వాడేం కాదనుకోండి, చెయ్యి తడపందే కాగితం కదిలేది కాదట. ఆ మాటే అన్నాను.

"అవునే, తినేవాడు. కాని తిట్టాలంటే ఎదురుగా అరుగు మీద ఉండేవాడు కదా! ఇప్పుడెవర్ని తిట్టను? ఫోనెత్తిన ఆ పిల్లనా? దానికి టెక్కలి ఎక్కడుందో తెలీదు, పాపం."

నాకు పౌరుషం వచ్చింది. నా స్నేహితురాలి భర్త విజయవాడలో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. ఫోన్ చేశాను. మర్నాడు మధ్యాహ్నానికల్లా నిచ్చెనతో సహా మనుషులు దిగారు. సాయంత్రం దీపం వెలిగింది. మెప్పు కోసం కాఫీ కలిపి తెచ్చి ఆవిడ పక్కన కూచున్నాను.

ఆవిడ దీపం వంక చూడనైనా చూడలేదు.

"వెనక వీధిలో పాలు పోసే ఆవిడ గుమ్మం ముందూ చీకటే. దానికి విజయవాడలో ఎవరున్నారే?"

కాఫీ చల్లారిపోయింది.

కాస్సేపటికి సర్పంచి వచ్చింది. దీపం కిందే నిలబడి, లోపలికి రాకుండా, మెల్లిగా అడిగింది.

"మేడం, మీరు ఫోన్ చేసిన ఆ నెంబరు నాకూ ఇస్తారా?"

ఇచ్చాను. ఇస్తూ ఆ పిల్ల మొహంలోకి మాత్రం చూడలేకపోయాను.