ముల్లు ఎప్పుడు లేచింది?

మాది గడ్‌చాందూర్. మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడతం. మా బాపు పాత కారొకటి కిరాయికి నడుపుతడు. ఎక్కువగా రాజురా మీదుగా చంద్రపూర్ దవాఖానకు పోయేవాళ్లే ఎక్కుతరు. పోయిన ఎండాకాలం సెలవులకు నేను ఇంటికి పోయేసరికి ఆ కారు అప్పుడప్పుడు వేడెక్కుతున్నది. రోజూ వేడెక్కితే సంగతేందో తేలిపోయేది. మెకానిక్ దగ్గరికి తీసుకపోయిన రోజు మాత్రం ముల్లు సగం దగ్గరే బుద్ధిగా ఉండేది.

ఒకనాడు దవాఖానకు పోయే ఒక అవ్వను సగం దారిలో ఆటో ఎక్కించి, కిరాయి పైసలు వాపసు ఇచ్చి వచ్చిండు బాపు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మెకానిక్ ఏమో "హెడ్ గ్యాస్కెట్ పోయినట్టుంది, ఇంజన్ విప్పాలె" అన్నడు. ఆయన చెప్పిన ఖర్చు నా హాస్టల్ ఫీజు కన్నా ఎక్కువ.

నాకు ఇంజన్ గురించి ఏమీ తెలవదు. కానీ ఆ "అప్పుడప్పుడు" అనే మాట నచ్చలేదు. సంధుల క్లాసులో వైకల్పికం అంటే రావచ్చు, రాకపోవచ్చు అని రాసుకుని ఊరుకుంటం. ఇంజన్ దగ్గర అట్ల ఊరుకుంటే ఎట్ల? ఒక నోటుబుక్కు బాపు చేతికిచ్చి, ముల్లు లేచినప్పుడల్లా ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంత స్పీడులో అని రాయమన్న. "ఇదేం లెక్క బిడ్డా" అని నవ్విండు గానీ పదకొండు రోజులు రాసిండు.

నేను తప్పంతా ఎండదే అనుకున్న. మా దిక్కు మే నెలలో 45 డిగ్రీలు దాటుతది మరి. నోటుబుక్కు వేరే చెప్పింది. మిట్టమధ్యాహ్నం రాజురా రోడ్డు మీద జోరుగా పోతే ముల్లు కదలలేదు. చల్లబడ్డాక సాయంత్రం సిమెంటు లారీల వెనక మెల్లగా పోతే లేచింది. మళ్లీ అదే లారీల వెనక రెండుసార్లు లేవలేదు.

పక్కింటి కాకా ఎలక్ట్రీషియన్. ఆ పేజీలు చూసి, "జోరుగా పోతే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తది. మెల్లగా పోతే ఫ్యానే తిరగాలె. అది తిరుగుతుంటే ఎన్నడన్న చూసిన్రా?" అని అడిగిండు. ఎవరం చూడలేదు!

ముందు ఆయిల్ పుల్ల తీసి చూసిండు. గ్యాస్కెట్ పోతే నీళ్లు కలిసి ఆయిల్ పాలచాయ లెక్క తెల్లగైతదట. కాలేదు. సైలెన్సర్ నుంచి తెల్లపొగ లేదు, నీళ్లు తగ్గుతలేవు. రేడియేటర్ మూత మాత్రం పూర్తిగా చల్లారినంకనే తీయనిచ్చిండు. లోపల కుక్కర్ లెక్క ఒత్తిడి ఉంటది, నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండ ఉంటయి, మూత తీయగానే మీదికి చిమ్ముతయి. బాపు ముంజేతి మీద మచ్చ ఆ పాఠమే.

మూత పెట్టి, వాకిట్లోనే ఇంజన్ నడిపించి కూసున్నం. ముల్లు సగం దాటి పైకి పోతున్నది, ఫ్యాను ఉలుకలేదు పలుకలేదు. కాకా టెంపరేచర్ స్విచ్‌కు ఉన్న ప్లగ్గు పీకి, దాని రెండు వైర్లను చిన్న తీగతో కలిపిండు. ఫ్యాను బుర్రున తిరిగింది! అంటే ఫ్యాను మంచిదే, దానికి కబురే అందుతలేదు. ప్లగ్గు లోపల దుమ్ము, తుప్పు. కుదుపుకు ఒకసారి అంటుతున్నది, ఒకసారి అంటుతలేదు.

ప్లగ్గు గీకి తుడిచి, కొత్త స్విచ్ వేసి, రేడియేటర్ సందుల్లోని దుమ్ము కడిగినం. ఒక్కపూట కిరాయిలో అయిపోయింది. ఇంజన్ విప్పలేదు, నా ఫీజు పైసలు డబ్బాలోనే ఉన్నయి.

ఇప్పుడు బాపు ఫోన్ చేస్తే నేను తిన్నానా లేదా అన్నది తర్వాత. "ఇయ్యాల లారీల వెనక అరగంట ఉన్న బిడ్డా, ఫ్యాను తిరిగింది" అనేదే మొదటి మాట.