సెయింట్ ఆండ్రూస్‌లో ఒక మద్రాసు

ఆదివారంనాడు ఓల్డ్ కోర్సులో గోల్ఫు ఆడరు. ప్రపంచం నలుమూలల గోల్ఫు క్రీడాకారులు ఏ మైదానాన్ని పుణ్యక్షేత్రంగా భావిస్తారో, ఏ మైదానంలో ఒక్కసారి బంతిని కొట్టడానికి సముద్రాలు దాటి వచ్చి, లాటరీలో పేరు వేసుకొని ఫలితం కోసం కూర్చుంటారో, ఆ మైదానం వారానికొకనాడు ఊరివారి విహారస్థలమైపోతుంది. వృద్ధులు కుక్కలను వెంటబెట్టుకొని వస్తారు. తల్లులు పసిపిల్లల బండ్లు తోసుకొంటూ ఆ పచ్చికను అడ్డంగా దాటి సముద్రం వైపు వెళతారు. ఏ పెద్ద పోటీయో జరిగే ఆదివారాలు తప్ప ఈ ఆచారానికి భంగం లేదు.

పచ్చికకు విశ్రాంతి కావాలన్నది ఇందుకు చెప్పే కారణాలలో ఒకటి. అయితే ఊరివారు ఇంత నిశ్చింతగా అక్కడ తిరగడానికి మరొక బలమైన ఆధారముంది. ఆ నేల ఏ క్లబ్బుదీ కాదు, ప్రజలది. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఆ ఇసుకనేలలో కుందేళ్ళు పెంచుకొనే అనుమతి పొందినప్పుడు, అక్కడ గోల్ఫు ఆడుకొనే హక్కూ, పశువులను మేపుకొనే హక్కూ పట్టణవాసులకు ఉన్నాయని పత్రంలో ఒప్పుకోవలసి వచ్చింది. నేటికీ ఆ నేలను 1974 నాటి పార్లమెంటు చట్టం ప్రకారం ఒక ధర్మకర్తల సంస్థ నిర్వహిస్తున్నది. ఇరవై రెండు గుంతల ఆట పద్దెనిమిదికి కుదించబడింది కూడా ఇక్కడే, 1764లో. ఆ లెక్కనే తరువాత ప్రపంచమంతా అనుసరించింది.

స్కాట్లండు తూర్పు తీరంలో, ఫైఫ్ ప్రాంతపు అంచున, ఉత్తర సముద్రానికి ఎదురొడ్డి నిలిచిన ఈ చిన్న పట్టణం జనాభా సుమారు 18,000. విశ్వవిద్యాలయం తెరిచి ఉన్న నెలల్లో వీధుల్లో విద్యార్థులదే పైచేయి. ఊరికి రైలు లేదు. ఉన్న రైలుమార్గాన్ని 1969లో మూసివేశారు. ఎడింబరో నుంచి వచ్చేవారు ఫోర్త్ నదీముఖం మీది ఎర్రని ఉక్కు వంతెనను దాటి, లూకర్స్ స్టేషనులో దిగి, మిగిలిన ఎనిమిది కిలోమీటర్లు బస్సులో రావాలి.

గోల్ఫు ఆడనివారికి ఇక్కడేమి పని అని సంకోచించనక్కరలేదు. ఓల్డ్ కోర్సు పక్కనే భారతీయ యాత్రికుడిని నవ్వించే స్థలమొకటున్నది. దాని పేరు హిమాలయాస్! మంచూ లేదు, శిఖరాలూ లేవు. పచ్చిక కప్పిన చిన్నచిన్న మిట్టలు మాత్రం ఉన్నాయి. ఆనాటి స్త్రీలు చేతులెత్తి బంతిని బలంగా కొట్టడం మర్యాద కాదని తలచి, మెల్లగా దొర్లించే ఆటకు వారిని పరిమితం చేశారు. 1867లో ఆ విధంగా ఏర్పడిన మహిళల క్లబ్బుదే ఈ స్థలం. స్వల్ప రుసుము చెల్లించి ఎవరైనా ఆడవచ్చు. మిట్ట మీదికి పోయిన బంతి మళ్ళీ కాళ్ళ దగ్గరికే దొర్లి వస్తూంటే, పసివాడికీ ప్రవీణుడికీ భేదముండదు.

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే వెస్ట్ శాండ్స్. దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున సాగే ఈ ఇసుకతీరం ఊరు చూడనివారికి కూడా పరిచితమే. 1981లో విడుదలైన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ చిత్రారంభంలో తెల్లని దుస్తులు ధరించిన యువకులు పరుగెత్తేది ఈ కెరటాల అంచునే. కథలో అది ఇంగ్లండులోని కెంట్ తీరం. కెమెరా ముందు నిలిచింది మాత్రం స్కాట్లండు. 1924 పారిస్ ఒలింపిక్ క్రీడల్లో ఆదివారం పరుగెత్తనని నిరాకరించిన ఎరిక్ లిడ్డెల్ కథ అది. ఆదివారం ఆట నిలిపివేసే మైదానం పక్కనే దానిని చిత్రీకరించడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, చక్కగా అమరింది. ఈ నీటిలో దిగదలచినవారు ముందుగా మనస్సు చిక్కబట్టుకోవాలి. నడివేసవిలోనూ ఉత్తర సముద్రం ఎముకలు కొరుకుతుంది. ఒక్కొక్కనాడు నీటి మీదినుంచి పొగమంచు తెరగా లేచి గడియలో ఊరినంతా మింగివేస్తుంది. అందుకు పరిహారంగా జూన్ నెలలో రాత్రి పది గంటల దాకా ఆకాశంలో వెలుగుంటుంది.

ఊరి ప్రధాన వీధులు తూర్పుగా సాగి కెథెడ్రల్ శిథిలాల వద్ద ముగుస్తాయి. పన్నెండవ శతాబ్దంలో ప్రారంభమై, 1318లో రాబర్ట్ బ్రూస్ రాజు సమక్షంలో ప్రతిష్ఠ జరిగిన ఈ ఆలయం స్కాట్లండులో అన్నిటికన్న పెద్దది. 1559లో జాన్ నాక్స్ ఉపన్యాసాలతో ఉద్రిక్తులైన జనం లోపలి విగ్రహాలనూ అలంకారాలనూ ధ్వంసం చేశారు. తరువాతి తరాలవారు రాళ్ళను మోసుకొనిపోయి ఇళ్ళు కట్టుకొన్నారు. నేడు మిగిలినవి రెండు కొనల గోడలు, నడుమ పచ్చిక, ఆకాశం. ఆలయం కన్న పాతదైన సెయింట్ రూల్ గోపురం మాత్రం 33 మీటర్ల ఎత్తున చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. లోపలి ఇరుకు మెట్లెక్కితే ఊరూ, రేవూ, సముద్రమూ ఒక్క చూపులో ఒదుగుతాయి.

గోపురం దిగిన గోల్ఫు అభిమానులు శ్మశానవాటికలో ఒక సమాధిని వెదుకుతారు. అది చిన్న టామ్ మోరిస్‌ది. 1868 నుంచి వరుసగా నాలుగు ఓపెన్ పోటీలు గెలిచిన ఈ యువకుడు, ప్రసవవేదనలో భార్య, బిడ్డ మరణించిన కొద్ది నెలలకు, 1875 క్రిస్మస్ నాడు కన్నుమూశాడు. అప్పటికతని వయస్సు 24 ఏళ్ళు. తండ్రి పెద్ద టామ్ మరో 32 సంవత్సరాలు బ్రతికి, చివరకు అదే వాటికకు చేరాడు.

సముద్రపు కొండచరియ మీది కోట కథ మరింత కఠోరమైనది. 1546 మార్చి 1న జార్జ్ విషార్ట్ అనే సంస్కరణవాదిని కోట ముందు దహనం చేశారు. మూడు నెలలు నిండకముందే ఆయన పక్షంవారు కోటలో పనిచేసే తాపీవారి మధ్య కలిసి లోపలికి చొరబడి కార్డినల్ బీటన్‌ను చంపి, శవాన్ని గోడకు వేలాడగట్టారు. ముట్టడిదారులు కోట కిందికి రాతిలో సొరంగం తవ్వారు; లోపలివారు ఆ చప్పుడును బట్టి ఎదురు సొరంగం తవ్వి వారిని అడ్డుకొన్నారు. రెండు సొరంగాలు కలిసిన చోటికి యాత్రికులు నేటికీ వంగి, ప్రాకి వెళ్ళవచ్చు. ఉలిదెబ్బలు తడిమితే చేతికి తెలుస్తాయి. మానవులు మిగిల్చిన కోటను సముద్రం కొరుకుతున్నది. దాని పెద్ద సభామందిరం 1801లో కెరటాల్లో కూలిపోయింది.

నార్త్ స్ట్రీట్‌లో విశ్వవిద్యాలయ ప్రార్థనామందిరం ముందు రాళ్ళలో పి, హెచ్ అనే రెండక్షరాలు పొదిగి ఉన్నాయి. 1528లో పాట్రిక్ హామిల్టన్ అనే యువకుడిని సజీవదహనం చేసిన చోటది. వాటిపై అడుగుపెడితే పరీక్ష తప్పుతామని విద్యార్థుల నమ్మకం. పొరపాటున తొక్కినవారికి ప్రాయశ్చిత్తం కూడా ఉంది: మే 1న తెల్లవారుజామున సముద్రస్నానం! 1413లో పోపు ఆమోదం పొందిన ఈ విద్యాపీఠంలో విద్యార్థులు ఆదివారం ప్రార్థన ముగిశాక ఎర్రని అంగీలతో వరుసగా రేవుగోడ చివరివరకు నడిచి వస్తారు. ఆ దృశ్యం కోసమైనా ఆదివారం అక్కడ ఉండదగును.

ఇక సౌత్ స్ట్రీట్. భారతీయులలో అత్యధికులు ఈ వీధిలో ఐస్‌క్రీము తింటూ నడిచి వెళతారు (జానెట్టా అనే ఇటాలియన్ కుటుంబపు దుకాణం 1908 నుంచి ఇక్కడ ఉంది, ఆ ఐస్‌క్రీము ఆగి తినదగినదే). అయితే వీధి పడమటి కొసన, ఒక శిథిల ప్రార్థనామందిరపు వెనుక ఉన్న గంభీరమైన రాతిభవనం వద్ద ఆగేవారు కొద్దిమంది. 1833లో తెరిచిన ఆ పాఠశాల పేరు మద్రాస్ కాలేజి.

దానిని నెలకొల్పిన ఆండ్రూ బెల్ 1753లో ఇదే పట్టణంలో ఒక మంగలి ఇంట పుట్టాడు. 1787లో మద్రాసు చేరి, ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడైనాడు. ఉపాధ్యాయుల సోమరితనంతో విసిగిపోయి ఉన్న రోజుల్లో ఒకనాటి ఉదయం గుర్రంపై వెళుతూ ఒక నాటు బడిని చూశాడు. పిల్లలు నేలమీద కూర్చుని ఇసుకలో వ్రేళ్ళతో అక్షరాలు దిద్దుతున్నారు. బెల్ వెంటనే శరణాలయంలో ఇసుక పోయించాడు. అది జరిగే పని కాదని ఉపాధ్యాయుడు మొరాయించగా, ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ బాలునికి అక్షరాల తరగతి అప్పగించాడు. పిల్లవాడు నెగ్గాడు. నేర్చినవాడు నేర్వనివానికి చెప్పడమనే ఆ పద్ధతిని వివరిస్తూ బెల్ 1797లో పుస్తకం ప్రకటించాడు. అది ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో ఇంగ్లండులో వేలాది పేదపిల్లల బడులకు పాకింది.

ఇసుకలో ఓనమాలు దిద్దిన తెలుగువారి పెద్దలకు ఇందులో కొత్త ఏమీ కనిపించదు. పంతులుగారు అరుగుమీద కూర్చుని ఉండగా పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత దిద్దబెట్టించడం వీధిబడుల్లో నిత్యకృత్యం. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లా పాఠశాలలపై ప్రభుత్వానికి వ్రాసిన నివేదికలో ఈ పద్ధతిని మెచ్చుకొని, ఇంగ్లండు దానిని అనుకరించడం సబబేనన్నాడు. అదే నివేదికలో, జనం బీదలైపోతున్నందున ఆ బడులే క్షీణిస్తున్నాయని కూడా వ్రాశాడు. బడిని చూసి నేర్చినవారి దేశంలో విధానం వర్ధిల్లింది. నేర్పిన బడికి ఆదరువు లేకపోయింది.

బెల్ మహాత్ముడేమీ కాడు. మద్రాసులో పలు పటాలాల మతాధికారి జీతాలు ఒకేసారి అందుకొన్నాడు. పేదల బిడ్డలకు ఖరీదైన చదువు తన ఉద్దేశం కాదని స్పష్టంగా వ్రాశాడు. అయినా చివరిదశలో సుమారు 1,20,000 పౌండ్లు విద్య కోసం ధర్మకర్తలకు అప్పగించి, అందులో సగం వరకు స్వగ్రామానికి కేటాయించాడు. పాఠశాలకు తన పేరు గాక మద్రాసు పేరు నిలవడం ఆ కథలో మిక్కిలి ఉదారమైన భాగం. ఆ ఇసుకబడి పంతులు పేరు మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు.

ఆ భవనంలో ఇప్పుడు బడి లేదు. 2021లో పాఠశాల ఊరి పడమటి అంచున కట్టిన కొత్త ఆవరణకు తరలిపోయింది. పాత భవనం విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. వీధి చివరనున్న పదహారవ శతాబ్దపు వెస్ట్ పోర్ట్ ద్వారం దాటి మరికొంత నడిస్తే బస్సు నిలయం. అక్కడ ఫైఫ్ పిల్లలు బస్సు కోసం నిలుచున్నప్పుడు ఏ బడి అని అడిగితే, “మద్రాస్” అంటారు. ఆ మాట వారి నోట స్కాటిష్ యాసలో పలుకుతుంది.