గడిచిన బాల్యానికి బాకీ

తపతీ నదికి ఉత్తరాన, సూరత్ అంచున ఉన్న కోసాడ్‌లో నగరపాలక సంస్థ బీదలకై కట్టించిన ఇళ్ళు వరుసలు తీరి ఉన్నవి. సూరత్ మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి తరలిపోయిన నేత కుటుంబాలు అనేకం. పెళ్ళి కాకుండానే తల్లి అయి, పరువుకు జంకి పదేళ్ళు నోరు మెదపని స్త్రీ ఇటువంటి ఊళ్ళో ఏ గదిలోనైనా ఉండవచ్చు. “మా నాన్న ఎవరమ్మా?” అని బిడ్డ నిలదీసిననాడు ఆమెకు న్యాయస్థానం గడప తొక్కక తప్పదు.

చట్టం ఆమెను వెళ్ళగొట్టదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ వివాహేతర సంతానానికి సైతం భరణపు హక్కునిచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ ఆ స్థానంలోకి వచ్చినా, ఆ హక్కు చెక్కుచెదరలేదు. తాను తండ్రిని కానని పురుషుడు బుకాయిస్తే, అవసరమని తోచినప్పుడు న్యాయస్థానం జన్యుపరీక్షకు ఆదేశించవచ్చు. ఎన్.డి. తివారీ తన తండ్రి అంటూ రోహిత్ శేఖర్ వేసిన దావాలో 2012లో నిజం తేల్చినది హైదరాబాదులోని డి.ఎన్.ఏ. పరీక్షా కేంద్రమే.

తల్లి అప్పటికే మరొకరి భార్య అయితే దారి మరింత ఇరుకు. వివాహబంధంలో పుట్టిన బిడ్డకు భర్తే తండ్రి అన్న భావనను సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఐవాన్ రతినం కేసులో మళ్ళీ గట్టిపరచింది.

మరి గడిచిన పదేళ్ళ మాట? 2020 నవంబరు 4న రజనీశ్–నేహా కేసులో సుప్రీంకోర్టు, భరణాన్ని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి ఇప్పించాలని నిర్దేశించింది. తీర్పు ఆలస్యమైతే బిడ్డ నష్టపోదు. దరఖాస్తే ఆలస్యమైతే మాత్రం, ఆ సెక్షన్ కింద వెనుకటి పాలఖర్చు, పలకఖర్చు తిరిగి రావు. జర్మనీ పౌరస్మృతి 1613వ సెక్షన్ మరో దారి పట్టింది. పితృత్వం తేలనందున అడగలేకపోయిన కాలానికి కూడా అక్కడ భరణం కోరవచ్చు. తండ్రికి అది మోయరాని బరువైతే తగ్గించే వీలూ ఉన్నది.

ఏమీ తెలియని మనిషి నెత్తిన ఒక్కసారిగా పదేళ్ళ బాకీ వేయడం ధర్మమా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలోనూ న్యాయం లేకపోలేదు. కాని ఆ పదేళ్ళూ బిడ్డకు ఆకలి వేస్తూనే ఉన్నది. ఆ ఖర్చంతా ఒంటరిగా తల్లే భరించింది.

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి, బిడ్డకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాది దొరుకుతాడు. ఈ సంగతి బిడ్డ ఉయ్యాలలో ఉన్ననాడే తల్లి చెవిన పడితే, ఆమె పోగొట్టుకునేది కొద్ది నెలల భరణం మాత్రమే.