వెండి కట్టు

మా దగ్గరికి వచ్చే కాలి పుండ్లకు గుడ్డ విప్పితే, పుండు కంటే ముందు దాని మీద చల్లినవి కనబడతాయి. పసుపు, సున్నం, కాఫీ పొడి, గడ్డిచేమంతి పసరు. ఇవన్నీ పాతకాపులు. ఈమధ్య వీటికి తోడు యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి చల్లిన పొడి చేరింది. మింగాల్సిన మందును పుండులో ఎందుకు పోశావయ్యా అని అడిగితే, "రోగం అక్కడే కదండి ఉంది" అన్నాడు ఒక చెరువు కూలీ. మాటకు మాట బాగానే ఉంది. కానీ ఆ పొడి చీముతో కలిసి పెచ్చు కడుతుంది. పైకి ఎండినట్టు కనబడుతుంది, కింద కుళ్లు ఎముక దాకా పోతుంది. ఆ పెచ్చు చూసి "మానుతోందిలే" అని ధైర్యం చెప్పే ఆర్‌ఎంపీ ఊరికొకడు ఉంటాడు. నేను పెచ్చు ఊడదీస్తే, మానుతున్న పుండును రేపిన పాపం నాది.

చదువుకున్నవాళ్లు క్యాప్సూల్ చల్లరు. వెండి కట్టు అడుగుతారు.

గుడ్డకు మందు పట్టించడం కొత్త సంగతేం కాదు. 1865లో గ్లాస్గోలో బండి చక్రం కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ల కుర్రాడి గాయం మీద జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆసిడ్‌లో తడిపిన గుడ్డ కప్పాడు. అలాంటి దెబ్బకు కాలు కోసేయడమే ఆనవాయితీగా ఉన్న రోజుల్లో ఆ పిల్లాడు రెండు కాళ్లతో ఇంటికి వెళ్లాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ల తాపత్రయమంతా మందును పోగులోనే ఇమిడ్చాలని. సముద్రపు నాచునుంచి తీసిన ఆల్జినేట్ పోగు పుండు రసి తగలగానే తనలోని కాల్షియం వదిలి సోడియం తీసుకుని జిగురుగా మారుతుంది. అందుకే తీసేటప్పుడు కొత్త చర్మాన్ని పీక్కుని రాదు. దానికి వెండి కలిపితే, తడికి వెండి అయాన్లు కొద్దికొద్దిగా బయటికి వచ్చి, సూక్ష్మజీవి ప్రొటీన్లలోని గంధకాన్ని పట్టుకుని దాని పనిని ఆపేస్తాయి. "గాయానికి గాలి తగలాలండి" అని కట్టు విప్పేసుకునేవాళ్లకు ఒకటి చెప్పాలి: తడిగా మూసి ఉంచిన గాయం మీద చర్మం త్వరగా అల్లుకుంటుందని జార్జ్ వింటర్ పందుల మీద చూపించింది 1962లో. ఆ కబురు మా జిల్లాకు ఇంకా రాలేదు.

అన్నింటికన్నా నాకు ముచ్చటైన పోగు కైటోసాన్. మా భీమవరం చుట్టుపక్కల వాళ్లకు దాని ముడిసరుకు తెలుసు, ముక్కు మూసుకుని మరీ తెలుసు. రొయ్య పెంకు. ఆసిడ్‌తో సున్నం, క్షారంతో మాంసకృత్తులు తీసేసి, మిగిలిన కైటిన్‌ను గాఢమైన సోడాలో కాగిస్తే కైటోసాన్ వస్తుంది. దాన్ని పలచని ఎసిటిక్ ఆసిడ్‌లో కరిగించి, సన్నని రంధ్రాలగుండా క్షారపు తొట్టిలోకి వదిలితే దారంగా గట్టిపడుతుంది. దానికి ధనావేశం, సూక్ష్మజీవి పైపొరకు రుణావేశం. అతుక్కుని ఆ పొరను చిల్లులు చేస్తుంది. ఎర్రకణాలనూ అలాగే పట్టుకుని నెత్తురు కట్టిస్తుంది. కైటోసాన్ కట్టుకు 2002లో అమెరికా అనుమతి దొరికింది, ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో సైనికులు వాడారు. ఇక్కడ రొయ్యలు వలిచే ఆడవాళ్లు వేళ్లు పాసిపోయి నా దగ్గరికి వస్తారు, ఆ పెంకుతో చేసిన కట్టు రాసిస్తే ధర విని నవ్వుతారు.

అట్టపెట్టె మీద "99.9 శాతం బ్యాక్టీరియాను చంపుతుంది" అని ఉంటుంది. అబద్ధం కాదు, ప్రయోగశాలలో నిజమే. కోటి ఉన్నచోట 99.9 శాతం చస్తే ఇంకా పదివేలు మిగిలాయి. వాటికి తిండికి కొదవలేదు, చచ్చిన కండ పక్కనే ఉంది. పైగా పుండు రసిలోని ఉప్పు, ప్రొటీన్లు కొంత వెండిని మధ్యలోనే కట్టేస్తాయి. జిగురు పొర కట్టుకుని దాని కింద దాక్కున్న బ్యాక్టీరియా దాకా చేరేది ఎంత?

రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చారు. ఇరవై ఏళ్ల షుగరు, అరికాలి స్పర్శ పోయింది, బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు. డాలస్‌లో ఉన్న కొడుకు వెండి కట్ల పెట్టెలు పంపాడు. వీడియో కాల్‌లో నాకు వాటి సంగతులు వివరించాడు కూడా. "అంకుల్, ఇది నానో." మాస్టారు ఆ కట్టుతోనే చెప్పుల్లేకుండా గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు. నొప్పి లేదు కదా మరి! నొప్పి లేకపోవడమే ఈ జబ్బు అని చెబితే ఆయనకు అది లాభంలాగే వినిపించింది. వాళ్లావిడ చాటుగా అడిగింది, "వెండిది కదండి, ఉతికి మళ్లీ కట్టొచ్చా?" అప్పటికే ఒకసారి ఉతికేసిందట. ఆవిడను కోప్పడడానికి నోరు రాలేదు. డబ్బాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకునే మనిషి ఆ ఇంట్లో ఆవిడొక్కతే.

అడుగడుగునా ఒళ్లు బరువంతా పుండు మీద మోపుతూ పైన వెండి కట్టడం, పొయ్యి తగ్గించకుండా పొంగే గిన్నె మీద మూత నొక్కి పట్టుకోవడమే. 2009లో బ్రిటన్‌లో సిరల జబ్బుతో వచ్చిన కాలి పుండ్లకు వెండి కట్టునూ మామూలు కట్టునూ పోల్చి చూస్తే, మానడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. షుగరు పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ బృందం 2023 మార్గదర్శకాల్లో, పుండు మానడం కోసం ఇలాంటి కట్లు వాడొద్దనే చెప్పింది. మాస్టారికి చచ్చిన కండ కోసేశాం, ఇన్సులిన్ సరిచేశాం, బరువు పడకుండా మోకాలి దాకా పట్టీ వేశాం. మానింది. కొడుకు ఫోన్ చేసి ఎంతో సంతోషించాడు, ఇంకో రెండు పెట్టెలు పంపుతానన్నాడు.

ఇంత తిట్టి కూడా ఆ కట్టు నేనే రాసే చోటు ఒకటుంది, కాలిన గాయాలు. తెల్ల ఆయింట్‌మెంట్ అయితే రోజూ కడిగి మార్చాలి. కట్టు మార్చే వేళకు వార్డంతా ఏడుపు. వెండి పోగుల కట్టులో కొన్ని రకాలు మూడు రోజులు, కొన్ని వారం ఉంటాయి. వారంలో ఒకటి రెండుసార్లే ఏడిపిస్తే చాలు. పిల్లల విషయంలో అది చిన్న మేలు కాదు, ఆ డబ్బు ఇమ్మని అడగడానికి నాకు సిగ్గనిపించదు.

వేణ్నీళ్ల బకెట్ మీద పడ్డ నాలుగేళ్ల పిల్లను తెచ్చారు. భుజం నుంచి మోచేతి దాకా తెల్లగా గట్టిపడ్డ టూత్‌పేస్టు. కట్టు వేయాలంటే ముందు అదంతా తీయాలి. మత్తు ఇచ్చి తీస్తుంటే సిస్టరమ్మ కళ్లు తుడుచుకుంది. బయటికొచ్చి ఆ కోపంతోనే నాయనమ్మను పట్టుకున్నాను, పేస్టు ఎవరు రాయమన్నారని.

"చల్లగా ఉంటుందని రాశాను బాబూ."

"కుళాయి నీళ్లూ చల్లగానే ఉంటాయి కదమ్మా. ఇరవై నిమిషాలు ధార కింద పెడితే చాలు, మళ్లీ గీకే పని కూడా ఉండదు."

"నీళ్లు పోస్తే పొక్కులు రావా?" అంది ఆవిడ, నా చదువు మీద అనుమానంగా చూస్తూ.